గర్జించని సింహం

కిందటి సంచికలో, హాలీవుడ్‌లోని మెట్రో గోల్డ్‌విన్ మేయర్ (ఎం.జి.ఎం.) స్టూడియోకు 2024 ఏప్రిల్ 17తో నూరేళ్లు నిండిన సంగతి నాలుగు వాక్యాల్లో రాశాను. దాని మీద ఇన్ని ఉత్తరాలు వస్తాయనుకోలేదు. అందుకే ఈసారి శీర్షిక మొత్తం, ప్రతి సినిమా మొదట్లో సింహాన్ని గర్జింపజేసే ఆ సంస్థకే ఇస్తున్నాను. కొత్త పాఠకులకు ఒక మాట. నేను విమర్శకుణ్ణి కాను. కోస్తాలో ఒక చిన్న పట్టణంలో ఇరవై ఎనిమిదేళ్లు సినిమా హాలు ఆపరేటర్‌గా పనిచేశాను. ప్రొజెక్టర్ గది కిటికీలోంచి చూసిందీ, రిటైరయ్యాక చదువుకున్నదీ కలిపి రాస్తుంటాను.

ప్ర: ఆపరేటర్ గారూ, మా ఊళ్లో 'బెన్‌హర్' మళ్లీ ఆడినప్పుడు మొదట్లో సింహం కనిపించింది గాని కదల్లేదు, గర్జించలేదు. ఆపరేటర్ ఆ ముక్క కత్తిరించేశాడని హాలంతా ఈలలు వేశాం. నిజంగా అలా కత్తిరించేవారా?
— విశ్రాంత ఉపాధ్యాయుడు, మచిలీపట్నం

జ: మాస్టారూ, ఆ ఈలలు నేనూ తిన్నాను. 1974 వేసవిలో మా హాల్లో 'బెన్‌హర్' ఉదయం ఆటగా వేశాం. సింహం పడగానే హాల్లో గోల మొదలైంది. మేనేజరు మెట్లెక్కి పైకి వచ్చి, ఏం చేశావయ్యా అని నిలదీశారు. ఏమీ చేయలేదని చెప్పినా నమ్మలేదు. ఆట అయ్యాక మొదటి రీలును చుట్టు బల్ల (రీళ్లు తిప్పి చుట్టే బల్ల) మీద పెట్టి, భూతద్దంతో ఒక్కొక్క ఫ్రేము చూశాను. అన్నింట్లోనూ ఒకటే సింహం, నోరు మూసుకుని ఉంది. అతుకు ఎక్కడా లేదు. ఆ ఫిల్ము ఆయనకు చూపించాకే నా మాట నమ్మారు.

కారణం చాలా ఏళ్ల తర్వాత చదివాను. సినిమా మొదలయ్యేది బేత్లెహేములో క్రీస్తు జననంతో. అంత ప్రశాంతమైన ఘట్టానికి ముందు సింహం గర్జిస్తే బాగుండదని దర్శకుడు విలియం వైలర్ భావించాడు. సంస్థ ఒప్పుకుంది. తన గుర్తునే నోరు మూయించి నిలబెట్టింది. ఏ స్టూడియో గొప్పతనమైనా ఇలాంటి చోటే తెలుస్తుందని నేను నమ్ముతాను.

కత్తిరింపు సంగతికి వస్తే, మీ అనుమానంలో సగం నిజముంది. సింహం ఉండేది మొదటి రీలు మొదట్లో. ప్రతి ఆటకూ ఫిల్ము ఎక్కించేటప్పుడు నలిగేదీ తెగేదీ అక్కడే. తెగిన చోట రెండు మూడు ఫ్రేములు తీసేసి అతికించేవాళ్లం. పెద్ద ఊళ్లన్నీ తిరిగి ప్రింటు మా బోటి 'సి' సెంటరుకు చేరేసరికి సింహానికి సగం గర్జనే మిగిలేది. అలా తెగి కింద పడిన పదకొండు ఫ్రేముల ముక్క ఒకటి ఇప్పటికీ నా దగ్గర అగ్గిపెట్టెలో ఉంది. వెలుతురుకు పట్టి చూస్తే సింహం నోరు తెరవడం మొదలుపెట్టి, అక్కడే ఆగిపోతుంది.

'బెన్‌హర్'లో రథాల పందెం గురించి కూడా ఒక మాట. రోమ్ దగ్గరి చినెచిట్టా స్టూడియోలో పద్దెనిమిది ఎకరాల్లో ఆ మైదానం కట్టారు. పందెం సాగినంతసేపు సంగీతం ఉండదు, గమనించారా? మిక్లోష్ రోజా అంతటి సంగీత దర్శకుడు చేతిలో ఉండి కూడా గిట్టల చప్పుడుకూ చక్రాల మోతకూ చోటు వదిలారు. అక్కడ నేను శబ్దం ఒక గీత పెంచేవాణ్ణి. మునిగిపోయే స్థితిలో ఉన్న సంస్థను ఆ సినిమా ఒడ్డుకు చేర్చింది, 11 ఆస్కార్లు తెచ్చింది. ఆ సంఖ్యను తర్వాత రెండు సినిమాలు అందుకున్నాయి గాని ఏదీ దాటలేదు.

ప్ర: మా పిల్లలు టామ్ అండ్ జెర్రీ చూస్తుంటే మొదట్లో సింహం వస్తుంది. కార్టూన్‌కూ ఆ సింహానికీ ఏమిటి సంబంధం? అది నిజమైన సింహమేనా?
— ఒక గృహిణి, తెనాలి

జ: నిజమైనదేనమ్మా. ఒకటి కూడా కాదు, నూరేళ్లలో చాలా సింహాలు ఆ చట్రంలో కూర్చున్నాయి. మొదటిదాని పేరు స్లాట్స్. డబ్లిన్ జంతుప్రదర్శనశాలలో పుట్టింది. అది మూకీల కాలం కనుక దాని గొంతు ఎవరూ వినలేదు. ప్రేక్షకులు విన్న మొదటి గర్జన 1928లో, జాకీ అనే సింహానిది. మీ పిల్లలు చూస్తున్న పాత రంగుల కార్టూన్లలోది టానర్ అనే మరొకటి. 1957 నుంచి కనిపించిన లియో అందరికంటే ఎక్కువ కాలం నిలిచింది. 2021లో దాని స్థానంలో కంప్యూటర్‌తో చేసిన సింహం వచ్చింది. ఇంకో సంగతి పిల్లలకు చెప్పండి. 1980లలో గర్జనను కొత్తగా తయారు చేసినప్పుడు మార్క్ మాంజినీ అనే శబ్ద నిపుణుడు అందులో పులుల గొంతు కలిపాడు.

టామ్ అండ్ జెర్రీ ఆ స్టూడియో బిడ్డలే. విలియం హానా, జోసెఫ్ బార్బెరా 1940లో మొదలుపెట్టారు. ఆ వరుసకు ఏడు ఆస్కార్లు వచ్చాయి. టామ్ తోక తలుపు సందులో పడినప్పుడు వినిపించే కేక హానా సొంత గొంతు. మా హాల్లో అసలు సినిమాకు ముందు ఎప్పుడైనా ఆ కార్టూన్ రీలు వస్తే, బెంచీ టికెట్టు నుంచి బాల్కనీ వరకు ఒకే నవ్వు వినిపించేది. మాట లేదు కనుక భాష అడ్డు రాలేదు. అంత పేరున్నా, 1957లో ఆ కార్టూన్ విభాగాన్ని సంస్థ మూసేసింది. పాత కార్టూన్లనే తిప్పి తిప్పి విడుదల చేస్తే దాదాపు అంతే డబ్బు వస్తుందని లెక్క వేశారు.

ప్ర: మెట్రో, గోల్డ్‌విన్, మేయర్ ముగ్గురు భాగస్వాములా?
— డిగ్రీ విద్యార్థి, వరంగల్

జ: కాదు బాబూ. ముగ్గురిని కలిపిన నాలుగో మనిషి పేరు అందులో లేనే లేదు. ఆయన పేరు మార్కస్ లో (Loew), న్యూయార్క్‌లో సినిమా హాళ్ల యజమాని. హాళ్లు ఎక్కువైపోయాయి, వాటిలో వేయడానికి మంచి సినిమాలు చాలడం లేదు. మెట్రో అనే కంపెనీని అప్పటికే కొన్నాడు. 1924లో గోల్డ్‌విన్ కంపెనీని, లూయిస్ బి. మేయర్ కంపెనీని దానికి కలిపాడు. శామ్యూల్ గోల్డ్‌విన్ అంతకు ముందే తన కంపెనీ నుంచి బయటికి వెళ్లిపోయాడు. పేరు ఉంది గాని ఆ మనిషి ఈ సంస్థలో ఒక్కరోజు కూడా పనిచేయలేదు. మేయర్ చిన్నప్పుడు తండ్రితో ఇనుప తుక్కు వ్యాపారం చేసినవాడు. 1951 వరకు స్టూడియోను నడిపింది ఆయనే.

హాలు మనిషిగా నాకు ఇందులో ఇష్టమైన విషయం ఒకటుంది. ఆ స్టూడియో పుట్టింది హాలు కోసం. తెర ఖాళీగా ఉండకూడదని పెట్టిన సంస్థ అది. మన దేశంలో కూడా సొంతంగా హాళ్లు కట్టారు. 1935లో కలకత్తా చౌరంగీలో, 1938లో బొంబాయి ధోబీ తలావ్‌లో కట్టిన మెట్రో హాళ్లు వాళ్లవే.

మేయర్‌తో పాటు నువ్వు తప్పక తెలుసుకోవలసిన పేరు అర్వింగ్ థాల్బర్గ్. సంస్థ మొదలైనప్పుడు అతనికి ఇరవై నాలుగేళ్లు. సినిమా పూర్తయ్యాక ఊరికి దూరంగా ఏదో ఒక హాల్లో మామూలు జనానికి వేసి చూపించేవాడు. వాళ్లు ఎక్కడ దగ్గారో, ఎక్కడ కదిలారో చూసి, ఆ ఘట్టాలు మళ్లీ తీయించేవాడు. తాను నిర్మించిన సినిమాల మీద తన పేరు వేసుకోలేదు. 1936లో ముప్పై ఏడేళ్లకే చనిపోయాడు. ఆ మరుసటి ఏడాది వచ్చిన 'ది గుడ్ ఎర్త్' మొదట్లో అతనికి అంకితమంటూ తొలిసారి ఆ పేరు తెర మీద పడింది.

ప్ర: నూరేళ్ల పండుగ అంటూ పొగుడుతున్నారు. నటి, గాయని జూడీ గార్లండ్‌ను ఆ స్టూడియో ఏం చేసిందో మీకు తెలియదా? జీతగాళ్లలా నటులను కట్టేసిన సంస్థను మనం ఎందుకు మెచ్చుకోవాలి?
— ఒక పాఠకురాలు, హైదరాబాద్

జ: అమ్మా, మీ కోపం న్యాయమైనది. ఈ ప్రశ్న రాకపోతే నేనే వేసుకుని జవాబు రాసేవాణ్ణి.

విజయా వారు తొలిరోజుల్లో ఎన్.టి. రామారావు గారితో నెలజీతం మీద ఒప్పందం చేసుకున్న సంగతి మన వాళ్లకు తెలిసిందే. హాలీవుడ్ ఒప్పందం దానికి ఎన్నో రెట్లు బిగువు. గడువు ఏడేళ్లు. ఇచ్చిన వేషం వద్దంటే జీతం ఆపేవారు. అలా ఆపిన రోజుల్ని గడువు చివర మళ్లీ కలిపేవారు. అంటే ఏడేళ్లు ఎప్పటికీ పూర్తి కావు. దీని మీద కోర్టుకెక్కి గెలిచింది నటి ఒలీవియా డి హావిలండ్. ఆమె పోరాటం మరో స్టూడియోతో గాని, 1944లో వచ్చిన తీర్పు అందరినీ విడిపించింది. ఏడేళ్లంటే క్యాలెండరులో ఏడేళ్లేనని కోర్టు తేల్చింది.

జూడీ ఆ ఒప్పందం మీద సంతకం చేసింది 1935లో. అప్పటికి ఆమెకు పదమూడేళ్లు. 'ది విజార్డ్ ఆఫ్ ఓజ్' తీసేటప్పుడు పదహారు. బరువు పెరగకూడదని తిండి తగ్గించారని, మెలకువకు ఒక మాత్ర, నిద్రకు ఒక మాత్ర ఇచ్చేవారని తర్వాత ఆమే చెప్పింది. 1950లో స్టూడియో ఆమెను వదిలేసింది. నలభై ఏడేళ్లకు చనిపోయింది. ఆ సినిమాలో ఇంద్రధనుస్సు పాట వచ్చినప్పుడల్లా నేను ఆ పిల్ల కళ్ల వైపు చూస్తాను. ఆ గొంతు విని సంతోషించిన ప్రతివాడికీ ఆమెకు జరిగింది తెలుసుకోవలసిన బాధ్యత ఉంది.

నన్ను ఇంకా ఎక్కువగా బాధించే సంగతి లీనా హార్న్‌ది. 1942లో ఒప్పందం చేసుకున్న నల్లజాతి గాయని. ఆమె పాటల్ని చాలావరకు కథతో సంబంధం లేకుండా విడిగా తీసేవారు. దక్షిణాది రాష్ట్రాల్లో హాళ్లవాళ్లు ఆమెను చూపించబోమంటే, ఆ ముక్క తీసేసినా కథ చెడకూడదని. అతుకులు వేసిన చేతులు నావి కనుక నాకు ఇది మరీ గుచ్చుకుంటుంది. ఫిల్ము తెగితే కత్తిరించడం వేరు, కత్తిరించడానికి వీలుగా ఒక మనిషిని తెర మీద నిలబెట్టడం వేరు.

ఇందాక చెప్పిన 'ది గుడ్ ఎర్త్' చైనా రైతుల కథ. అందులో నాయిక వేషం చైనా మూలాలున్న అనా మే వాంగ్‌కు ఇవ్వలేదు. నాయకుడి వేషం తెల్లజాతి నటుడిది కనుక, వేర్వేరు జాతుల వాళ్లను జంటగా చూపించకూడదన్న ఆనాటి నియమావళి అడ్డు వచ్చింది. తెల్లజాతి నటికి చైనా మేకప్ వేశారు. థాల్బర్గ్ పేరు పడిన సినిమా కూడా అదే. పొగిడేటప్పుడు రెండూ చెప్పాలి. నేను మెచ్చుకునేది అక్కడి వడ్రంగులను, దర్జీలను, ఎడిటర్లను, వాద్యకారులను, జూడీనీ లీనానూ అనా మే వాంగ్‌నూ. పోస్టరు మీద సంస్థ పేరున్నా, ఆ పని వాళ్లది.

ప్ర: మా అబ్బాయి లాస్ ఏంజెలెస్‌లో ఉన్నాడు. వచ్చే నెల వెళ్తున్నాం. ఎం.జి.ఎం. స్టూడియో చూడవచ్చా?
— ఒక దంపతులు, విశాఖపట్నం

జ: స్థలం చూడవచ్చు. కల్వర్ సిటీ అని, లాస్ ఏంజెలెస్‌ను ఆనుకునే ఉంటుంది. అయితే గేటు మీద పేరు సోనీ పిక్చర్స్ అని ఉంటుంది. స్థలం సోనీది. 1986కు ముందు తీసిన సినిమాల్లో చాలా భాగం వార్నర్ అనే మరో స్టూడియో చేతిలో ఉన్నాయి. సింహం, పేరు 2022 నుంచి అమెజాన్‌వి. ఉమ్మడి కుటుంబంలో ఇల్లు ఒకరికి, పొలం ఒకరికి, ఇంటిపేరు ఒకరికి పంచినట్టు అయిపోయింది.

ఎలా జరిగిందో తెలిస్తే అక్కడ నిలబడినప్పుడు మీకు వేరేగా ఉంటుంది. 1969లో కిర్క్ కెర్కోరియన్ అనే వ్యాపారి సంస్థను కొన్నాడు. మరుసటి ఏడాది మే నెలలో గోదాముల్లోని దుస్తులు, కుర్చీలు, ఓడలు, రథాలు అన్నీ వేలం వేశారు. వీధుల సెట్లు ఉన్న ఆవరణలు ఇళ్ల స్థలాలకు అమ్మేశారు. 'ది విజార్డ్ ఆఫ్ ఓజ్'లో జూడీ తొడుక్కున్న ఎర్ర జోళ్ల జత 15,000 డాలర్లకు పోయింది. ఆ సినిమాకు మూలమైన నవలలో అవి వెండి జోళ్లు. రంగుల తెర మీద బాగా కనిపించాలని కెంపు రంగు చేశారు. అలాంటి మరో జత 2005లో ఒక మ్యూజియం నుంచి దొంగిలించారు, 2018లో దొరికింది, 2024 డిసెంబరు వేలంలో 2 కోట్ల 80 లక్షల డాలర్లు పలికింది.

ఆ 1970 వేలంలో పాట పాడిన వాళ్లలో డెబ్బీ రేనాల్డ్స్ ఉంది. పందొమ్మిదేళ్ల వయసులో అదే స్టూడియోలో, నాట్యం రాకపోయినా రక్తం కారేలా నేర్చుకుని 'సింగిన్ ఇన్ ది రెయిన్'లో ఆడిన పిల్ల. ఇవి పోకూడదు, మ్యూజియం పెట్టాలని అందరినీ బతిమాలింది. ఎవరూ ముందుకు రాకపోతే సొంత డబ్బుతో దుస్తులు కొని, నలభై ఏళ్లు దాచింది. చివరికి మ్యూజియం నిలబడక, 2011 నుంచి ఒక్కొక్కటిగా అమ్ముకోవలసి వచ్చింది. 2021లో లాస్ ఏంజెలెస్‌లో ఆస్కార్ అకాడమీ వారి మ్యూజియం తెరిచారు. అది చూడడానికి ఆమె లేదు. మీరు స్టూడియోతో పాటు ఆ మ్యూజియానికీ వెళ్లండి. అక్కడ ఒక జత ఎర్ర జోళ్లున్నాయి. ముందుగా ఆమెను తలచుకోండి.

దుస్తులైనా ఎవరో ఒకరి ఇంటికి చేరాయి. వాద్యబృందం వాయించిన స్వరాల కాగితాలు చెత్తకుప్పకు పోయాయి, పల్లం పూడ్చడానికి వాడారు. తర్వాత జాన్ విల్సన్ అనే బ్రిటిష్ సంగీతకారుడు, మిగిలిన కొద్ది కాగితాలు చూసుకుంటూ, సినిమాలు మళ్లీ మళ్లీ వింటూ ఒక్కో వాద్యం స్వరాన్ని తిరిగి రాశాడు. 2009లో లండన్‌లో తన బృందంతో వాయించి వినిపించాడు. స్వరం రాసుకోగలిగిన వారు నాకు చెప్పండి, అరవై మంది ఒకేసారి వాయిస్తున్నప్పుడు రెండో వరుస వయొలిన్ ఏం వాయిస్తోందో చెవితో పట్టుకోవడం ఎంత కష్టమో.

ప్ర: పదేళ్ల మనవరాలితో కలిసి చూడడానికి ఒక్కటి చెప్పండి.
— ఒక తాతయ్య, కరీంనగర్

జ: 'సింగిన్ ఇన్ ది రెయిన్.' 1952లోది. వాన పాట తీసినప్పుడు జీన్ కెల్లీకి 103 డిగ్రీల జ్వరం. పాట అయ్యాక చెప్పండి, ముందు చెప్పకండి.

ప్ర: మా మామయ్య టూరింగ్ టాకీస్ నడిపేవారు. అటక మీద రెండు రీళ్ల డబ్బాలు దొరికాయి. ఏ సినిమావో తెలియదు. మూత తీస్తే పుల్లటి వాసన వస్తోంది. తుక్కువాడికి ఇచ్చేయమంటున్నారు. ఏం చేయాలి?
— ఒక యువకుడు, ఏలూరు

జ: ఇవ్వకు నాయనా. ఉత్తరాలన్నింట్లో నన్ను కుర్చీలోంచి లేపింది నీదే.

ఎం.జి.ఎం. మాట మధ్యలోనే ఉంది కనుక ముందు అది చెబుతాను. సుమారు 1950 వరకు సినిమాలు నైట్రేట్ ఫిల్ము మీద వచ్చేవి. అది అంటుకుంటే నీళ్లలో ముంచినా ఆరదు. 1965లో ఆ స్టూడియో ఫిల్ము గోదాము ఒకటి కాలిపోయింది. లాన్ చానీ నటించిన 'లండన్ ఆఫ్టర్ మిడ్‌నైట్' చివరి ప్రింటు అందులో పోయింది. 1927 నాటి ఆ సినిమాకు ఇప్పుడు ఫోటోలే మిగిలాయి. ఆ రోజుల్లోనే రోజర్ మేయర్ అనే అధికారి, లూయిస్ మేయర్‌కు బంధువు కాదు, మిగిలిన నైట్రేట్ సినిమాలన్నింటినీ కాలని ఫిల్ము మీదికి ఎక్కించి, చల్లటి గదుల్లో పెట్టించాడు. పాత సినిమాను దాచాలన్న ఆలోచన చాలామందికి లేని కాలమది. మూకీలను కూడా వదల్లేదు. ఇవాళ మనం ఆ స్టూడియో సినిమాలు అంత తేటగా చూస్తున్నామంటే ఆయన చలవ. మన తెలుగు మొదటి టాకీ 'భక్త ప్రహ్లాద', 1932 నాటిది, మనకు మిగల్లేదు. దాన్ని చల్లటి గదిలో పెట్టిన రోజర్ మేయర్ మనకు లేడు.

ఇక నీ డబ్బాలు. పుల్లటి వాసన అంటే అది చాలావరకు అసిటేట్ ఫిల్ము, అంటే నైట్రేట్‌లా అంటుకోని 'సేఫ్టీ' ఫిల్ము. వేడికీ తేమకూ కుళ్లుతోంది. అంచు మీద 'సేఫ్టీ' అని అక్షరాలున్నాయేమో పగటి వెలుతురులో చూడు. అవి లేకుండా, ఫిల్ము జిగటగా ఉన్నా, గోధుమరంగు పొడి రాలుతున్నా నైట్రేట్ కావచ్చు. అప్పుడు ముట్టుకోకుండా, దగ్గర దీపం, అగరుబత్తి ఏదీ వెలిగించకుండా, కింద చెప్పే పుణె ఆర్కైవ్‌కు వెంటనే ఫోన్ చేయాలి. సేఫ్టీ ఫిల్మయితే ముందు అటక మీది నుంచి దించు. ఇంట్లో అన్నిటికంటే చల్లగా, పొడిగా ఉన్న గదిలో, డబ్బాలు బోర్లించకుండా, నిలబెట్టకుండా పడుకోబెట్టు. పాలిథిన్ సంచిలో బిగించి కట్టకు, ఆ ఆవిరి లోపలే ఉండి ఇంకా తినేస్తుంది. ప్రొజెక్టరులో పెట్టి చూద్దామన్న కోరిక ఎంత ఉన్నా పెట్టకు. ముడుచుకుపోయిన ఫిల్ము పళ్ల చక్రం మీద చిరిగిపోతుంది.

డబ్బా మూత మీద కాగితం చీటీ ఉంటే ఫోటో తీయి. మొదటి రెండు మూడు అడుగులు మాత్రం చేతికి నూలు గుడ్డ చుట్టుకుని, అంచులు పట్టుకుని, వెలుతురుకు చూడు. సినిమా పేరో, సెన్సారు సర్టిఫికెట్టో కనిపిస్తే చాలు. ఆ వివరాలతో పుణెలోని జాతీయ ఫిల్మ్ ఆర్కైవ్‌కు ఉత్తరం రాయి. పాత సినిమాలను భద్రపరచడమే 1964 నుంచి వాళ్లు చేస్తున్న పని. నాకూ ఒక కార్డు రాయి. ఎండలు ముదరకముందే నేను ఏలూరు వస్తాను. నా చుట్టు బల్ల ఇంకా పనిచేస్తోంది, భూతద్దం కూడా ఉంది.